నలభై ఒకటో వారం వాంగ్మూలం

గురువారం రాత్రి ఎనిమిది కొట్టేసరికి వీధులు ఊడ్చిపెట్టినట్టు ఖాళీ అయిపోయేవని ‘నాలుగో నంబరు స్టేషన్’ చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తొంభైల్లో ఇంటింటికీ టీవీ అయితే వచ్చింది గానీ అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఉన్నవాటిలో ఆ పోలీసు సీరియలొక్కటే మనిషి కుదురుగా కూర్చుని చూసేలా ఉండేదట. హీరో మీసం గురించి, జీపు ఆగితే లేచే దుమ్ము గురించి, లాకప్పు తలుపు చప్పుడు గురించి మాట్లాడతారు. అచ్చం నిజం స్టేషన్‌లా ఉండేదని మెచ్చుకుంటారు. ఉండక ఏం చేస్తుంది? ముప్ఫై ఒక్కేళ్ళు నిజం స్టేషన్‌లో కుర్చీ అరగదీసిన మనిషిని తెచ్చి దాని వెనకాల కూర్చోబెట్టారు మరి. ఆ నిజం ఎవరి నెత్తిన పడిందన్నది మాత్రం మెచ్చుకునేవాళ్ళలో ఒక్కరికీ పట్టలేదు.

ఆయన్ని అందరూ హెడ్డుగారనే పిలిచేవారు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై రెండేళ్ళయినా ఆ పిలుపు రిటైరవలేదు. సర్వీసులో ఆయన దొంగల్ని పట్టింది తక్కువ, రాసింది ఎక్కువ. దస్తూరీ బాగుంటుందని ఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా ఆయన్ని రాత బల్ల దగ్గర్నుంచి లేవనిచ్చేవాడు కాదు. ఫిర్యాదులు, పంచనామాలు, వాంగ్మూలాలు అన్నీ ఆయన చేతి మీదుగానే కోర్టుకు వెళ్ళేవి. అలాంటి మనిషి ఇంట్లో కూర్చుంటే ఏం తోస్తుంది? పాలవాడు ఎన్నింటికి వచ్చాడో కేలండరు మీద రాసేవాడు. పక్కింటి పిల్లి ఏ గోడ దూకి వచ్చిందో, ఏ గోడ దూకి పోయిందో ఆరా తీసేవాడు. “ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేనండీ, ముద్దాయిలెవరూ లేరు,” అని భార్య విసుక్కునేది.

సీరియల్ మొదలైన మూడు వారాలకే ఆయన టీవీ వాళ్ళకు పద్నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. కానిస్టేబుల్ టోపీ లేకుండా సెల్యూట్ కొట్టాడని, నేరస్థుడి రెండు చేతులకూ వెనక్కి బేడీలు వేసి మరుక్షణం కాగితం మీద సంతకం పెట్టించారని, ఇన్‌స్పెక్టరు తన ఫోను తనే ఎత్తాడని తప్పులన్నీ వరుస నంబర్లు వేసి మరీ రాశాడు. నాలుగు రోజులకు సీరియల్ డైరెక్టరు ఆ ఉత్తరం పట్టుకుని ఇంటికొచ్చాడు. అంతకుముందు సబ్బుల ప్రకటనలు తీసినాయన. మనిషి పొట్టి, కోపం పొడుగు. దెబ్బలాటకే వచ్చాడనుకుని హెడ్డుగారు లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. డైరెక్టరు తాపీగా టీ తాగి, ఈ పద్నాలుగు పేజీలూ నాకు ప్రతివారం కావాలి, కాకపోతే షూటింగుకి ముందే కావాలి, అన్నాడు. ఆ విధంగా హెడ్డుగారికి మళ్ళీ ఒక స్టేషన్ దొరికింది.

ఆ స్టేషన్ మూతబడ్డ బట్టలమిల్లు గోదాములో ఉండేది. అట్టగోడలు, చెక్క ఊచలు. హెడ్డుగారు వచ్చాక దానికి ప్రాణం వచ్చిందని కెమెరా అతను ఒప్పుకున్నాడు. లాకప్పు ఊచలన్నిటికీ ఒకేలా తుప్పురంగు వేస్తే ఆయన ఊరుకోలేదు. మనిషి పట్టుకు నిలబడే ఎత్తులో ఊచ నున్నగా ఉండాలని, కింద కూర్చున్నవాడు పట్టుకునే ఎత్తులో ఇంకోచోట నున్నగా ఉండాలని చెప్పి, తనే నూనెగుడ్డ పెట్టి రెండు రోజులు రుద్దాడు. రాత బల్ల మీద సిరా మరకలు ఎడమపక్క వేస్తే, రాసేవాడు కుడిచేతివాటం కదయ్యా అని తుడిపించి కుడివైపు వేయించాడు. హీరో అంతకుముందు బట్టల దుకాణంలో గుడ్డ చించి అమ్మేవాడు. కెమెరా ముందు నిలబడితే చాలు, గొంతు చించుకునేవాడు. నిజం ఇన్‌స్పెక్టరు అరవడని, ఆయన కోసం అరిచేవాళ్ళు కింద వేరే ఉంటారని హెడ్డుగారు చెప్పాడు. అప్పట్నుంచి హీరో నెమ్మదిగా మాట్లాడ్డం మొదలెట్టాడు, జనం దాన్ని గొప్ప నటన అన్నారు. పదో వారం నుంచి పేర్ల వరుసలో ‘పోలీసు వ్యవహారాల సలహా’ అని హెడ్డుగారి పేరు కూడా పడింది. అది పడ్డ గురువారం ఆయన కూతురూ అల్లుడూ వచ్చి, పేరు వచ్చే ఆ రెండు క్షణాలూ రెప్పవేయకుండా చూశారు.

కథలు రాసేది మాస్టారు. ఒకప్పుడు లెక్కలు చెప్పేవాడు కాబట్టి ఆయన రాసిన హత్యలు కూడా లెక్కల్లాగే తెగేవి. ముప్ఫై అయిదు వారాలయ్యేసరికి ఆయన దగ్గర సరుకు అయిపోయింది. హెడ్డుగారూ, మీ దగ్గరున్నవేవో చెప్పండి అని వెంటపడ్డాడు. హెడ్డుగారు చెప్పేవాడు. సైకిళ్ళ దొంగ, దొంగనోట్ల అన్నదమ్ములు, భర్త మీద తప్పుడు ఫిర్యాదు ఇచ్చి సాయంత్రానికి వాపసు తీసుకున్న ఇల్లాలు. అన్నీ నవ్వుకునే కేసులే. తీరా నలభై ఒకటో వారం కోసం, ఒక మధ్యాహ్నం భోజనాలప్పుడు, లాకప్పు సెట్లో బెంచీ మీద కూర్చుని, భార్యకు కూడా చెప్పని కేసు చెప్పాడు.

అది పందొమ్మిదేళ్ళ నాటిది. ఒక వ్యాపారి ఇంట్లో ఇనపబీరువా గీత పడకుండా తెరుచుకుంది, నగలు పోయాయి. వ్యాపారికి పైన పలుకుబడి ఉంది. వారంలోగా మనిషి కావాలని ఇన్‌స్పెక్టరుకు ఫోను వచ్చింది. తాళం పగలకుండా తెరుచుకుందంటే తాళాలవాడే తెరిచి ఉంటాడని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. బజారులో కూర్చుని తాళంచెవులు చేసే కుర్రాడు ఒకడున్నాడు, అప్పుడే పెళ్ళయినవాడు. ఆర్నెల్ల కిందట అదే బీరువాకి మారుచెవి చేసిచ్చాడు. ఇంకేం కావాలి?

ఆ స్టేషన్‌లో ఒక అలవాటుండేది. వాంగ్మూలం ముందు, మనిషి తరవాత. మనిషిని తెచ్చాక అరుపులూ ఏడుపుల్లో దస్తూరీ చెడుతుందని, హెడ్డుగారు పొద్దున్నే ప్రశాంతంగా కూర్చుని నేరం ఒప్పుకున్న కాగితం మొత్తం రాసి పెట్టేసేవాడు. పేరు, తండ్రి పేరు, చిరునామా ఉండే చోట్లు మాత్రం ఖాళీ వదిలేవాడు. ఆ రోజూ అలాగే రాశాడు. తాళాలాయన్ని మధ్యాహ్నం తెచ్చారు. సాయంత్రానికి అతని ఎడమ కనుబొమ చీలింది. చీకటిపడే వేళకి హెడ్డుగారు కలం తీసి, “పేరు? తండ్రి పేరు?” అని అడిగి ఖాళీలు పూర్తిచేశాడు. పొద్దుటి సిరా వేరు, సాయంత్రం సిరా వేరు. కోర్టులో ఆ తేడా ఎవరూ చూడలేదు. అతనికి రెండేళ్ళు పడింది. అతను లోపలున్న ఆరో నెలలో వ్యాపారి మేనల్లుడు పైవూళ్ళో ఆ నగల్లోని గాజులు అమ్ముతూ దొరికిపోయాడు. వ్యాపారి వచ్చి, మా ఇంటి పరువండీ, బయటికి పొక్కనివ్వకండి అని ఇన్‌స్పెక్టరు చేతులు పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పొక్కనివ్వలేదు. హెడ్డుగారు కూడా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

“పేరు రాసింది నేనే మాస్టారూ,” అన్నాడు ఆయన. “ఎవరి పేరూ చెప్పొద్దు. ఖాళీ వదిలి రాస్తారని మాత్రం జనానికి తెలియాలి. జరిగింది జరిగినట్టు చూపించండి.”

మాస్టారు భోజనం డబ్బా మూత పెట్టేశాడు. మూడు రోజుల్లో కథ రాసి తెచ్చాడు. అంత బాగా ఆయన అంతకుముందు రాయలేదు, తరవాతా రాయలేదు. అందులో మంచి ఇన్‌స్పెక్టరైన మన హీరో పాత ఫైలు తీసి, రెండు సిరాల తేడా చూసి, తన శాఖ తప్పును తానే పట్టుకుంటాడు. చివర తాళాలాయన కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమంటాడు. ఆ పేజీ చదివి హెడ్డుగారు గోదాము బయటికి వెళ్ళి నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగబోతోందని నిజంగానే అనుకున్నాడు పాపం.

అనుకుని, ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. జైలు నుంచి వచ్చిన తాళాలాయన మూతబడ్డ సినిమాహాలు మెట్ల పక్కన కూర్చుంటున్నాడని ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళూ ఆ దారిన వెళ్ళకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. ఇప్పుడు రెండు రోజులపాటు ఎదురుగా ఉన్న గడియారాల కొట్టులో నిలబడి, కాగితం మీద అన్నీ రాసుకున్నాడు. ఆకుపచ్చ రేకుపెట్టె. నీలం గుడ్డ మీద నల్లటి అతుకు వేసిన గొడుగు. కొత్త చెవిని కొవ్వొత్తి మంట మీద పెట్టి మసి పట్టించి, తాళంలో దూర్చి తిప్పి, మసి చెరిగిన చోట ఆకురాయి పెట్టడం. పని పూర్తయ్యాక చెవిని వెలుతురుకెత్తి, ఎడమకన్ను మూసి చూసి, ఒక్కసారి ఊదడం. కనుబొమలో వెంట్రుకలు మొలవని గీత. ఇవన్నీ సెట్లోకి దిగాయి. మేకప్పు మనిషి ఆ గీత కుడి కనుబొమకు పెడితే హెడ్డుగారు మండిపడ్డాడు. మనం నిజం చూపిస్తున్నప్పుడు ఎడమది కుడెలా అవుతుందయ్యా అని చెరిపించి మళ్ళీ పెట్టించాడు.

వచ్చిన చిక్కల్లా జీపుతో. జీపు, తుపాకులు, కవాతు మైదానం అన్నీ పోలీసు శాఖ అరువిచ్చినవి. అందుకని ప్రతి కథా షూటింగుకి ముందు శాఖ ఆఫీసుకు వెళ్ళి ముద్ర వేయించుకురావాలి. నలభై వారాలు ఎవరూ చదవకుండానే ముద్ర పడింది గనక, దాని కోసం ఆగకుండా షూటింగు మొదలెట్టేశారు. ఈసారి ఎవరో చదివారు. మంగళవారం పొద్దున, సగం షూటింగు అయిపోయాక, పందొమ్మిదో పేజీ నుంచి చివరిదాకా ఎర్రగీత కొట్టిన కథ తిరిగొచ్చింది. శాఖ ప్రతిష్ఠకు భంగమట. ఇలాగే ప్రసారమైతే రేపట్నుంచి జీపు ఉండదని నోటిమాటగా కూడా చెప్పి పంపారు. గురువారం రాత్రి ఎనిమిదింటికి ఏదో ఒకటి వెయ్యాలి.

డైరెక్టరు పని అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆయన దుర్మార్గుడేం కాదు. ఆయన మీద ఆధారపడి నలభై మంది ఉన్నారు, ఆ నలభై మందీ ఆ క్షణంలో ఆయన మొహమే చూస్తున్నారు. తీసింది పారెయ్యలేం, చివర మారుద్దాం, తాళాలాయనే దొంగ, హీరో నేర్పుగా ఒప్పిస్తాడు, అన్నాడు. మాస్టారు నేను రాయను అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. డైరెక్టరు ఆయన్ని బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. చివరికి హెడ్డుగారి వైపు తిరిగాడు.

“మీ స్టేషన్‌లో అయితే ఏం రాసేవాళ్ళు హెడ్డుగారూ? వాడు ఒప్పుకున్నట్టు ఒక్క పేజీ చెప్పండి. ఒక్క పేజీ చాలు.”

ఆయన కాదనొచ్చు. కాదనే అందామనుకున్నాడు. హీరో, అంతవరకు ఆయన్ని ఏమయ్యా అని తప్ప పిలవనివాడు, దగ్గరకొచ్చి, మీరు తప్ప దిక్కులేదు సార్ అన్నాడు. లైట్లు వేసి ఉన్నాయి. రాత బల్ల ముందు తాళాలాయన వేషం వేసినతను, ఎడమ కనుబొమ మీద గీతతో, కూర్చుని ఉన్నాడు. హెడ్డుగారు అతని వంక చూసి నోరు తెరిచాడు. “నేను చెడు సావాసాల వల్ల వ్యసనాలకు లోనై, సంపాదన చాలక, సదరు ఇంటివారి బీరువాకు గతంలో మారుచెవి చేసియున్నందున...” అని మొదలెట్టాడు. ఇక ఆగలేదు. పందొమ్మిదేళ్ళ కిందట పొద్దున్నే ప్రశాంతంగా కూర్చుని రాసిన మాటలు ఒక్కటీ తప్పిపోకుండా అదే వరసలో వచ్చాయి. అసిస్టెంటు డైరెక్టరమ్మాయి రాసుకుంటుంటే మధ్యలో ఆపి, ‘వ్యసనాలకు బానిసనై’ కాదమ్మా, ‘లోనై’ అని రాయి, కోర్టుల్లో అదే చెల్లుతుంది, అని దిద్దాడు కూడా.

అయిపోయాక లైట్ల మనిషి చప్పట్లు కొట్టాడు. తరవాత అందరూ కొట్టారు. హెడ్డుగారికి సంతోషమేసింది. ఆ సంతోషాన్ని ఆయన చచ్చేదాకా క్షమించుకోలేకపోయాడు గానీ, ఆ నిమిషంలో మాత్రం ఒళ్ళు పులకరించిన మాట నిజం.

మాస్టారొక్కడే చప్పట్లు కొట్టలేదు. సంచీ భుజానికి తగిలించుకుని, “ఈసారి మీ చేతికి సిరా కూడా అంటలేదు హెడ్డుగారూ,” అని వెళ్ళిపోయాడు. అంత మాటన్న మాస్టారు కూడా సోమవారానికల్లా తిరిగొచ్చాడు. ఆయనకీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు.

నలభై ఒకటో వారం అంతకుముందున్న నలభై వారాల్నీ తినేసింది. తాళాలాయన ఏడుస్తూ ఒప్పుకుంటుంటే, హీరో గొంతు పెంచకుండా అతని కళ్ళలోకి చూసిన ఆ చూపు గురించి పేపర్లు రాశాయి. ఒక వారపత్రికవాళ్ళు హెడ్డుగారి ఫొటో వేసి, సీరియల్‌కి వెన్నెముక అన్నారు. ఆ గురువారం ఇంట్లో అందరూ కలిసే చూశారు. చివర ‘ఇందులోని పాత్రలు, సన్నివేశాలు కల్పితాలు’ అన్న అక్షరాలు వెళ్ళిపోయాక, అల్లుడు మామగారి చెయ్యి పట్టుకుని ఊపాడు. భార్య మాత్రం, “ఆ మనిషి నిజంగా దొంగేనా?” అని అడిగింది. సీరియలే కదా, అన్నాడాయన.

మూడు వారాలు గడిచాయి. కూతురింటి వీధి తలుపు తాళం పట్టేస్తే, బాగుచేయించుకుని వస్తూ పుట్టింట్లో ఆగింది. దగ్గర్లో ఉన్న సినిమాహాలు మెట్ల దగ్గరికి వెళ్ళక అంత దూరం కొత్త బజారుకెందుకు పోయావని తల్లి అడిగింది. “అక్కడికి వద్దన్నారమ్మా పక్కవాళ్ళు. సీరియల్లో వచ్చింది ఆయనేనట. అదే పెట్టె, అదే గొడుగట. ఇంటి తాళం అలాంటి చేతికి ఎలా ఇస్తాం?” అంది. తన తండ్రి గొప్పతనం గురించి చెబుతున్నాననే అనుకుంది ఆ పిల్ల. హెడ్డుగారు చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

చుట్టూ తిరక్కుండా తిన్నగా ఆ దారినే వెళ్ళాడు. తాళాలాయన దగ్గర ఒక్క మనిషి లేడు. గొడుగు మీది నల్ల అతుకు పీకేసి, ఆ చిల్లు అలాగే వదిలేశాడు. రేకుపెట్టెకు ఎర్రరంగు వేశాడు, కింద ఆకుపచ్చ ఇంకా కనబడుతోంది. హెడ్డుగారిని చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఆ లేవడం చూసి హెడ్డుగారు కూర్చోమని చెయ్యి ఊపాడు. తప్పయిపోయిందయ్యా, కథ మార్చేశారు, నేను వేరేలా చెప్పాను, అని ఏదేదో అన్నాడు. అతను చివరిదాకా విన్నాడు.

“మొదటిసారి మీరు నా పేరు రాశారండీ,” అన్నాడు. “పేరుంది కాబట్టి, శిక్ష అనుభవించాను, అయిపోయింది అని చెప్పుకోవడానికి ఉండేది. ఈసారి పేరు రాయలేదు. దేన్నని కాదనమంటారు? కాదన్నవాడికల్లా గుమ్మడికాయల దొంగ సామెత చెబుతున్నారు.”

తాళాల పని అంటేనే నమ్మకం మీద నడిచే పని. ఊళ్ళోవాళ్ళు ఇంటి గుమ్మాన్నే తెచ్చి చేతిలో పెడతారు. జైలు సంగతి తెలిసిన పాతవాళ్ళు చనిపోయో, వెళ్ళిపోయో, మర్చిపోయో, ఇన్నేళ్ళలో మెల్లిగా ఆ నమ్మకం మళ్ళీ మొలిచింది. ఇప్పుడు రోజుకు ఇద్దరొస్తే గొప్ప, వచ్చినవాళ్ళు కూడా చెవి చేసిందాకా కళ్ళు తిప్పకుండా నిలబడుతున్నారట. ఇద్దరు కూతుళ్ళూ బడిలో మాట పడలేక ఇంట్లోనే ఉంటున్నారట. కొంతమందికే అనుమానమండీ, ఇంకా బజారంతా అనుకోలేదు, అలాగే నెట్టుకొస్తున్నాను, అన్నాడు. “మీరు కాదని చెప్పండి. రాసినవాళ్ళు మీరే కదా, మీరు చెబితే నమ్ముతారు,” అన్నాడు. హెడ్డుగారు మాటిచ్చి వచ్చాడు.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళాడు. సీరియల్ మొదట్లో రెండు ముక్కలు వెయ్యమని, తాళాలాయన కేసు తప్పుడు కేసని చెప్పమని అడిగాడు. డైరెక్టరు తల పట్టుకుని, ఆ రెండు ముక్కలకీ శాఖ ముద్ర కావాలి కదండీ అన్నాడు. శాఖ ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ కూర్చున్న అధికారి, కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు హెడ్డుగారి చేత తన రిపోర్టులన్నీ రాయించుకున్నవాడే. కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆప్యాయంగా మాట్లాడాడు. తప్పుడు వాంగ్మూలం రాశానని మీరే అంటే, ముందు కేసు పెట్టాల్సింది మీ మీదేనండీ, అని నవ్వాడు. “పెన్షన్ వస్తోంది కదా హెడ్డుగారూ, హాయిగా ఇంట్లో కూర్చోండి.” హెడ్డుగారు టీ తాగకుండా లేచొచ్చాడు.

ఇంటికొచ్చి భార్యకు మొత్తం చెప్పాడు, ఖాళీలతో సహా. ఆవిడ చేస్తున్న పని ఆపి విన్నది. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు, మన పిల్లకు ఆ చేత్తోనేనా అక్షరాలు దిద్దించారు, అని మాత్రం అంది. అది తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. కాసేపటికి మళ్ళీ ఆవిడే, “చేతులు కాలాక ఇంకా ఆకులెందుకండీ? ఆఫీసుల చుట్టూ తిరక్కండి. చేసింది నలుగురి ఎదటా చేశారు, చెప్పడం కూడా నలుగురిలోనే చెప్పండి. అక్కడికే వెళ్ళి చెప్పండి,” అంది.

ఆయనకు అది సబబుగా తోచింది. పెన్షన్ పోతే పోనీ అనుకున్నాడు. ఆ ధైర్యం నిజమైనదే. అందులో ఆయనకు వంక పెట్టడానికి లేదు. శనివారం సాయంత్రం, బజారు కిటకిటలాడే వేళ చూసుకుని వెళ్ళాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వస్తున్నట్టు తాళాలాయనకు ముందుగా చెప్పలేదు. సినిమాహాలు మూడోమెట్టు మీదికెక్కి, ఉద్యోగంలో ఎన్నడూ ఎత్తని గొంతెత్తాడు.

అయ్యా, అమ్మా, ఒక్కమాట వినండి, అన్నాడు. ఇక్కడ కూర్చున్న ఈ మనిషి దొంగ కాడు. పందొమ్మిదేళ్ళ కిందట ఇతను చెయ్యని నేరం చేసినట్టు కాగితం రాసింది నేను. ఇతన్ని స్టేషన్‌కి తీసుకురాకముందే రాశాను. మొన్న సీరియల్లో వచ్చింది ఇతని కథే, అందులో కూడా అబద్ధమే చూపించారు. ఆ అబద్ధం చెప్పింది కూడా నేనే.

పదిమంది ఆగారు. పదిమందిని చూసి యాభైమంది ఆగారు. పత్రికలో ఫొటో చూసినవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టేశారు. ‘నాలుగో నంబరు స్టేషన్’ సారు అన్నారెవరో. అంతే, జనం ఆయన్ని వదిలేసి చుట్టూ చూడ్డం మొదలెట్టారు. షూటింగటరా, కెమెరా ఎక్కడ పెట్టారో చూడు, అనుకున్నారు. ఎదురుగా మేడమీద పెట్టి ఉంటారని ఒకతను చెయ్యి చూపించాడు. మేడవైపు తిరిగి కొంతమంది జుట్టు సవరించుకున్నారు. ఒకావిడ, హీరో ఎప్పుడొస్తాడండీ అని హెడ్డుగారినే అడిగింది. ఇది షూటింగు కాదమ్మా, నిజం, అన్నాడాయన. భలే చేస్తున్నాడ్రా ముసలాయన, అన్నారు వెనకనుంచి.

వాళ్ళకి ఆయన మాటల్లో ఒక్కటే చెవికెక్కింది. సీరియల్లో వచ్చింది ఇతని కథే. అంతవరకూ ఆ సంగతి తెలియనివాళ్ళు, తెలిసినా నమ్మనివాళ్ళు, మెడలు చాచి తాళాలాయన ఎడమ కనుబొమ చూశారు. అవునవును, గీత ఉంది, అనుకున్నారు. “ఒప్పుకున్నాడుగా,” అంది కూరల సంచీ పట్టుకున్న ఒక పెద్దావిడ. “మా ఇంటిల్లిపాదీ చూశాం.”

తాళాలాయన అప్పటిదాకా తలొంచుకునే ఉన్నాడు. కొవ్వొత్తి ఆర్పాడు. ఆకురాళ్ళు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. గొడుగు ముడిచాడు. హెడ్డుగారు మెట్లు దిగి అతని ముందుకొచ్చాడు. నువ్వు చెయ్యలేదనే కదయ్యా నేను చెప్పింది, అన్నాడు.

“చెప్పారండీ. అది ఎవరికి వినబడింది? పొద్దున వరకు నలుగురికి అనుమానం. ఇప్పుడు మీరే వచ్చి, వాడు వీడేనని బజారంతటికీ చూపించారు.” అతని గొంతులో కోపం కూడా లేదు. “ఇంక నా కోసం ఏమీ చెయ్యకండి హెడ్డుగారూ. మీకు దణ్ణం పెడతాను.”

పెట్టె భుజాన పెట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని, జనం పక్కకు జరిగి దారిస్తే అందులోంచి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మెట్ల దగ్గరగానీ, ఆ ఊళ్ళో ఇంకెక్కడైనాగానీ అతను ఎవరికీ కనబడలేదు. హెడ్డుగారు అతను వెళ్ళినవైపే చూస్తూ నిలబడ్డాడు. కెమెరా కనబడక జనం పలచబడ్డారు. హీరో ఎప్పుడొస్తాడని అడిగిన ఆవిడ మాత్రం ఆగి, మా అమ్మాయికి మీ సీరియలంటే ప్రాణం సార్, ఏదన్నా ఒక ముక్క రాసివ్వండి, అని కొట్టు రసీదు వెనక్కి తిప్పి కలంతో సహా చేతిలో పెట్టింది. హెడ్డుగారు ఆ కాగితం వంక కాసేపు చూశాడు. తరవాత దాన్ని మోకాలి మీద ఆనించుకుని, “అమ్మాయి పేరు?” అని అడిగాడు.